సాంక్రాయిల్ మేట మీద పన్నెండు అడుగులు

కలకత్తాలో మా వాట్‌గంజ్ సందులో అర్జీ అంటే నేనే. కుళాయి రాకపోయినా, రేషన్ కార్డులో వయసు తప్పు పడినా, ఎవరో ఒకరు తెల్లకాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడేవారు. శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికొచ్చి పాతుకుపోయిన ముప్పై ఇళ్లలో బియ్యే చదివినది నేనొక్కదాన్నే మరి. ఇంగ్లీషు, బెంగాలీ, తెలుగు మూడూ రాసేదాన్ని. మూడింట్లోనూ దెబ్బలాడేదాన్ని కూడా. రాయడం సందు కోసం, దెబ్బలాట నా కోసం.

అలాంటిదాన్ని ఒకసారి అర్జీ రాయనన్నాను.

అడగడానికొచ్చినవాడు సరంగు బాబాయి. సొంత బాబాయి కాదు. గంగలో పూడిక తవ్వే ఓడ మీద పనివాళ్లకి పెద్ద, మా నాయినకి చిన్ననాటి జట్టు. నదిలో మట్టి మేటలు వేసి పెద్ద ఓడలు కలకత్తా దాకా రాలేకపోతున్నాయనీ, తవ్వకానికి ఢిల్లీ ఇంకా డబ్బివ్వాలనీ మా సందు తరఫున రాయాలట. సంతకాలు అందరూ పెడతారట.

"రాయను," అన్నాను.

"ఏటీ?"

"రాయను బాబాయ్. ఇక్కడ ఎత్తిన మట్టిని కొంచెం కిందకి పట్టుకెళ్లి మళ్లీ ఆ నదిలోనే పోస్తారు. పోటొచ్చి దాన్ని మోసుకొచ్చి ఎత్తిన చోటే దింపుతుంది. మళ్లీ ఎత్తుతారు. ఈ ఆటకి జనం డబ్బెందుకు? ఓడలెవరివి? సరుకెవరిది? లాభమెవరిది? వాళ్లనే తవ్వించుకోమను. వానొస్తే మన సందులో మోకాల్లోతు నీళ్లు, తోడ్డానికి ఒక పంపు లేదు. దానికి రాయమను, ఇప్పుడే రాస్తాను."

బాబాయి మా అమ్మ వైపు తిరిగాడు. "సూసినావా వదినా? నీ గుంట మా నోట్లో మన్ను కొడతంది."

"మన్నంతా మీ ఓడలోనే ఉంది కదా, నేను కొట్టడం దేనికి?"

అమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చేసింది. "పెద్దంతరం సిన్నంతరం లేదేటే నీకు? బియ్యేలో ఇదేనేటి సెప్పినారు?"

ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. ఎర్ర సర్కారు వచ్చి ఆరేడేళ్లయింది. ఏ గోడ చూసినా కేంద్రం మనకి చేసిన అన్యాయమే రాసి ఉండేది. కరెంటు పోయినా ఢిల్లీయే, ట్రాము ఆగినా ఢిల్లీయే. చాయ్ దుకాణంలో జుట్టూ జుట్టూ పట్టుకునే రెండు పార్టీలవాళ్లూ గంగ తవ్వకానికి డబ్బు చాలట్లేదన్న ఒక్కమాట దగ్గర మాత్రం ఒకటైపోయేవారు. నేను ఆ ఒక్కమాటే కాదన్నాను. నాలో ఏదో ఉందిలెండి, పదిమంది తలూపితే నా తల అడ్డంగా తిరుగుతుంది. ఇప్పుడు నలభై తొమ్మిదేళ్లొచ్చాయి, ఇంకా తిరుగుతూనే ఉంది.

అసలు చిక్కు నాది కాదు, నాయినది. ఆయన సర్వే లాంచీలో లోతు కొలిచేవాడు. సీసపు గుండు కట్టిన తాడు నీళ్లలోకి విసిరి, అడుగు తగిలాక ఎన్నడుగులో అరిచి చెప్పడమే ముప్పై ఏళ్లుగా ఆయన ఉద్యోగం. ఆయన అరుపుని బట్టే చార్టు గీస్తారు, చార్టుని బట్టే తవ్వుతారు. ఇంట్లో మాట్లాడేది తక్కువ. అన్నం తింటూ ఎప్పుడైనా, "ఇయ్యాల కూడా పన్నెండే," అనేవాడు, అంతే. ఆ 'కూడా'ని పట్టుకునే నేను ఇంత వాదన కట్టాను. తవ్వే ఓడవాళ్లకి మాత్రం నాయినే దగ్గర కూర్చోబెట్టి నాకు నూరిపోశాడని అనిపించింది. ఆయన వెళ్లి కూర్చుంటే మాట మార్చేవారట. ఒక ఆదివారం చేపలకెళ్లడానికి పిలవకుండానే పోయారు. ఆయన చెప్పలేదు, అమ్మ చెప్పింది. ఇల్లూ ఊరూ వదిలొచ్చిన మనిషికి ఆ నలుగురే బలగం. నాకు లోపల ముల్లు గుచ్చుకుంది. అయినా అర్జీ రాయలేదు. తప్పని తెలిసి ఎలా రాయను?

నాలుగు రోజులు చూసి నాయినే అన్నాడు, "నదిని సూడకండా నది మీద వాదిత్తావేటే? విశ్వకర్మ పూజకి రా."

కలకత్తాలో పనిముట్టున్న ప్రతిచోటా విశ్వకర్మ పూజ జరుగుతుంది. ఆ ఒక్కరోజూ లాంచీల్లోకి ఇంటివాళ్లని రానిస్తారు. నేను ఉన్నవాటిలో మంచి తాంత్ నేతచీర కట్టుకుని వెళ్లాను. ఇంజను గది ముందు ఏనుగు మీద విశ్వకర్మ, రెయిలింగు పొడుగునా బంతిపూల దండలు, పెద్ద దేగిసాలో ఉడుకుతున్న కిచిడీ. వెనకాల మాంసం కూర వాసన నదంతా కమ్మేస్తోంది. రెండు ఒడ్ల మీదా గాలిపటాలు. ఎవరి పటం తెగినా ఏదో డాబా మీంచి "భో కాట్టా!" అని అరుపు. అప్పటిదాకా గంగని ఫెర్రీలోంచి తప్ప చూడలేదు నేను. లాంచీ ముందు భాగంలో నిలబడితే నది మొత్తం నా మీదికే నడిచొస్తున్నట్టుంది. నేను వాదించడానికి వచ్చానన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

బాబాయి మరవలేదు. తన ఓడ జట్టునంతా వెంటేసుకుని మా లాంచీలోకే వచ్చాడు. పూజయ్యాక నది దిగువన సాంక్రాయిల్ దాకా ఒక తిప్పు తిప్పుతారు. అక్కడి మేట దగ్గరికి రాగానే బాబాయి చేతులు తట్టాడు.

"మూడు వారాల కిందట ఇక్కడే తవ్వినాం. పన్నెండున్న సోట పదారుకి దింపినాం. గుంటా, నువ్వే కొలిసి సూడు. పదారుంటే ఇక్కడే కూకుని నా అర్జీ రాయాల."

"లేకపోతే?"

"నా అర్జీ సింపేత్తాను. నీ పంపుకి నాదే మొదటి సంతకం."

"పందెం," అన్నాను. చుట్టూ ఈలలు. లెక్కల పుస్తకం రాసే కుర్ర సర్వే బాబు, బెంగాలీ ఆయన, పెన్సిలు చెవి మీంచి తీసి రెడీగా నిలబడ్డాడు.

నాయిన తాడు నా చేతికిచ్చాడు. ఇంత పొడుగు సీసపు గుండు, దాని అడుగున చిన్న గుంట, ఆ గుంటలో మెత్తిన సబ్బు. కిందున్నది ఇసుకో బురదో సబ్బుకి అంటుకుని పైకొస్తుంది. తాడుకి అక్కడక్కడ తోలుముక్కలు, గుడ్డపీలికలు. చీకట్లోనైనా చేత్తో తడిమి ఎన్నడుగులో చెప్పడానికట. నా మొదటి విసురుకి గుండు బంతిపూల దండలో చిక్కుకుని దండతో సహా వేలాడింది.

"విశ్వకర్మ మీద పగేటిరా ఈవిడికి, దండలన్నీ గంగలో కలిపేత్తంది!" అన్నాడెవడో. వంటవాడు సైతం గరిటె వదిలేసి నవ్వాడు.

రెండో విసురు సరిగ్గా పడింది. తాడు జరజరా జారి, అడుగున మెత్తగా ఆగింది. ఆ ఆగడం అరచేతికి తెలిసింది నాకు. ఎంత ముద్దొచ్చిందో ఆ క్షణం! నీటి దగ్గర తాడు పట్టుకుని పైకి లాగి పీలికలు లెక్కపెట్టాను.

"ఇరవై ఒకటి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏటీ? గట్టిగా సెప్పు!"

"ఇరవై ఒకటి!"

బాబాయి గెంతులేశాడు. "పదారు కాదర్రా, ఇరవయ్యొకటి! రాయే, రాయి! కాయితమేదీ, కలమేదీ?" తలపాగా విప్పి గాల్లో తిప్పాడు. జట్టంతా చప్పట్లు. నేను తడిసిన చీరకొంగు పిండుకుంటూ నిలబడ్డాను. అడుగు నా చేతికే తగిలింది, ఎవర్ని అనుమానించను?

అప్పుడు గమనించాను. చప్పట్లు కొడుతున్నవాళ్లెవరూ నన్ను చూడట్లేదు. అందరూ నాయిననే చూస్తున్నారు. సర్వే బాబు పెన్సిలు కూడా కదలట్లేదు. ఆ లాంచీలో నాకు తప్ప వంటవాడి దాకా అందరికీ ఏదో తెలుసు, దాన్ని పైకనాల్సినవాడు నాయినొక్కడే. అంటే ఆ నలుగురి ముందు, వాళ్లకి వ్యతిరేకంగా అనాలి. ఆయన ఏమీ అనకపోతే ఆదివారం చేపలకి మళ్లీ పిలుస్తారు.

నాయిన ఒడ్డు వైపు కళ్లు చికిలించి చూశాడు. అక్కడ నీళ్లలో పాతిన, పోటుకి నీరెంత పెరిగిందో చూపే కొలతపలక ఉంది.

"పోటు తొమ్మిది," అన్నాడు. రోజూ అరిచే గొంతుతోనే, ఎక్కువా కాదు తక్కువా కాదు. "తీసెయ్యండి బాబూ. పన్నెండు."

సర్వే బాబు పన్నెండని రాసుకున్నాడు.

బియ్యే చదివి, పోటు మట్టిని మోసుకొస్తుందని సందంతా చాటిన నేను, ఆ పోటు నీళ్లు కూడా మోసుకొస్తుందన్న సంగతి మరిచిపోయాను! పోటు మీదున్న నదిని కొలిచి, లోతంతా తవ్వకం పుణ్యమనుకుని ఓడిపోవడానికి సిద్ధపడ్డాను.

బాబాయి నడుం పట్టుకుని పగలబడి నవ్వాడు. కళ్లెంట నీళ్లు కారేలా నవ్వాడు.

"ముప్పయ్యేళ్లబట్టీ సెప్తన్నాను ఈడికి, ఒక్కసారి, ఒక్క అడుగు మా ఏపు సెప్పరా అని! సెప్పడర్రా! సొంత కూతురు మీద కోపంతోనైనా సెప్తాడేమోనని సూసినాను, సెప్పనే లేదు!"

"నీకు ముందే తెలుసా బాబాయ్? తెలిసే గెంతావా?"

"తెల్దేటి? సరంగుని కానేటి? నీ బియ్యేకి తెల్సో లేదో సూద్దామని."

అందరి ముందూ జేబులోంచి అర్జీ చిత్తుప్రతి తీసి నాలుగు ముక్కలు చేశాడు. ఎవరి చేతో రాయించుకున్నాడో, అందులో మొదటి లైన్లోనే నాలుగు తప్పులు కనిపించాయి నాకు, చెప్పాను కూడా. ఆ తర్వాత నాయిన భుజం మీద చెయ్యేసి, "రారా, మాంసం సల్లారిపోతంది," అని తన పక్కనే విస్తరి వేయించాడు. నాయిన కూర్చున్నాడు. ఇద్దరి మోకాళ్లూ ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా.

తవ్వకానికి ఢిల్లీ డబ్బు ఆ తర్వాతా వచ్చింది, మట్టీ వచ్చింది. నా ఒక్క అర్జీ ఆగితే ఏం ఆగుతుంది? నేనిప్పటికీ అదే మాటంటాను, ఎవరొచ్చినా వాదిస్తాను. కానీ ఆ రోజు విస్తరి ముందే కాగితం తెప్పించుకుని పంపు అర్జీ రాశాను. కింద ఒక పేరా చేర్చాను, నదిలో మట్టిని అటూ ఇటూ తిప్పే ఖర్చు ఓడల లాభం తినేవాళ్లే పెట్టుకోవాలని. బాబాయి మాట తప్పకుండా మొదటి సంతకం పెట్టాడు. ఆ పేరా చదవగలిగితే పెట్టేవాడా అంటే నాకు తెలీదు.

కాగితం నాయిన ముందుకి జరిపాను.

"నేను పెట్టను," అన్నాడు.

"అదేంటి నాయినా? పన్నెండని చెప్పింది నువ్వే కదా?"

"సెప్పినాను. కొలవడం నా పని. అది పట్టుకుని ఆడు ఒకటంతాడు, నువ్వొకటంతావు. రేపు నేను మళ్లీ తాడిసరాల."

"అంటే నాది తప్పంటావా?"

"అన్లేదు."

"ఒప్పంటావా?"

"అన్లేదే."

అక్కడి నుంచి రేవు దాకా, లాంచీ తిరిగొచ్చినంతసేపూ, నేను వాదిస్తూనే ఉన్నాను. నిజం తెలిసినవాడు సంతకం పెట్టకపోవడం నేరమన్నాను, పిరికితనమన్నాను, ఇంగ్లీషులో కూడా ఏదో అన్నాను. ఆయన మూలుగెముక చీల్చుకుంటూ తలూపాడు. బాబాయి మధ్యలో దూరి నాయిన పక్షాన వాదించడం మొదలెట్టాడు. అవతల డాబా మీద ఎవరిదో పటం తెగింది.