పేరు తెగని మాత్ర

మందుల కొట్లో కత్తెర మాత్రల రేకును కోసే చప్పుడు వినగానే ఇప్పటికీ నా చెయ్యి అడ్డం పోతుంది. "దాదా, పేరున్న వైపు కొయ్యకు," అంటాను. ఆ మాట నాది కాదు, సువార్తమ్మ టీచరుది.

కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో, జనపనార మిల్లు పక్క ఇళ్లలో ఉండేవాళ్లం. నార దుమ్ముకి అందరికీ తుమ్ములూ దురదలూ. మగత తెచ్చే మాత్రలు ఒకటీ అరా కోయించుకుని కొంగున ముడేసుకునేవాళ్లం. పక్కమనిషి తుమ్మితే ముడి విప్పి ఇవ్వడం మా ఆడవాళ్ల మర్యాద. టీచరు మా గోడ అవతల ఉండేది, చర్చి బడిలో పాఠాలు చెప్పేది. ఆవిడ గుండె సరిగ్గా కొట్టుకునేది కాదు, లయ తప్పేది. ఒకసారి ప్రార్థన మధ్యలోనే స్పృహ తప్పి పడిపోయింది.

ఒక సాయంత్రం ఆవిడకి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. గోక్కుని గోక్కుని చేతులు కందిపోయాయి. నేను ముడి విప్పాను.

"ఇది మింగేసి తొంగోండి టీచరమ్మా."

"దీని పేరేటే అప్పాయమ్మా?"

"పేరేటి? పచ్చ మాత్ర. ఊరంతా మింగుతున్నారు."

"ఊరి గుండె వేరు, నా గుండె వేరు. ఇలాటి మగత మాత్రల్లో కొన్ని నాలాటోళ్లకి గుండె లయ ఇంకా చెడగొడతాయట. పెద్ద డాక్టరు మరీమరీ సెప్పాడు. పేరు తెలీకుండా మింగను."

నాకు ఒళ్లు మండింది. "సదువుకున్నోళ్లు దురద కూడా సదివే గోక్కుంటారు కాబోలు!" అన్నాను. ఆవిడ గోక్కుంటూనే నవ్వింది.

ఇద్దరం టోటో రిక్షా ఎక్కి డాక్టరు దగ్గరికి వెళ్లాం. నా మాత్ర చూపించాను. ఆయన రేకు ముక్కను అటూ ఇటూ తిప్పాడు, అక్షరం ముక్క లేదు. పక్కన పెట్టేశాడు. టీచరు గుండె కాగితాలు చూసి, ఆవిడకి పడే మందు వేరేది రాశాడు. తిరిగొస్తుంటే నేను ముఖం ముడుచుకుని కూర్చున్నాను. టీచరు నా మోకాలి మీద చెయ్యేసింది.

"నువ్విచ్చింది కాదనడం నాకూ కష్టమేనే. పేరు సదివి ఇయ్యి, డాక్టరు వద్దననిదైతే నీ సేత్తోనే మింగుతాను."

నెరిసిన జుట్టుతో అలా మొదలైంది నా చదువు. ఖాళీ రేకుల మీది ఇంగ్లీషు అక్షరాలు ముందు, తెలుగు తర్వాత. తప్పు చదివితే మొట్టికాయ. ఆ గుండెతోనే ఆవిడ చాలా ఏళ్లు బతికింది, పళ్లూడేదాకా. చివరి రోజుల్లోనూ నేను రేకు తీసి పేరు చదివితేనే నోరు తెరిచేది.

ఆవిడ లేదు గాని, నా కొంగుకి ముడి ఇంకా ఉంది. అందులో ఇప్పుడు పేరు తెగని రేకు. ఎవరైనా తుమ్మితే ముందు గుండె సంగతి అడుగుతాను, తర్వాతే తుమ్ము సంగతి. బాగుందని చెప్పినా సరే, ముడి విప్పి, మాత్ర పేరు పైకి చదివి గాని చేతిలో పెట్టను.