పునాది ఎత్తు

గుంటూరు శివారులో ప్లాట్లు అమ్మే పూర్ణయ్య, కొనేవాళ్లను ఎండాకాలంలోనే తీసుకెళతాడు. తెల్లచొక్కా చేతులు మడిచి, చెప్పుకాలితో నేలను తన్ని “రాయిలాంటి నేలండీ” అంటాడు. ఒకప్పుడు అది వాగు. వానొస్తే పక్క మిరపచేల నీళ్లన్నీ అందులోకే వచ్చేవి. దగ్గరుండి మట్టి తోలించి దాన్ని పూడ్పించింది అతనే.

నిన్న అక్కడ సువార్తమ్మ టీచరు ఇంటికి శంకుస్థాపన ప్రార్థన జరిగింది. మొదటి రాయి పూర్ణయ్యనే వేయమంది టీచరు. రాయి పట్టుకున్నాడే గానీ దించలేకపోయాడు.

“పునాది ఇంకో మూడడుగులు లేపండమ్మా” అన్నాడు.

“ఎందుకండీ?”

నోటిదాకా వచ్చిన మాట మింగేసి, “గాలి బాగా వస్తుంది” అన్నాడు.

“మా అన్నయ్యైనా ఇంత ఆలోచించడు. పాస్టరుగారూ, ఈయన కోసం కూడా ప్రార్థన చేయండి” అంది టీచరు.

అందరూ కళ్లు మూసుకున్నారు. పూర్ణయ్య మాత్రం నేలవంక చూస్తూ నిలబడ్డాడు.