ఒమాన్‌కు సైకిల్ మీద, ముందుగా ఎల్లారెడ్డి దాకా

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నాకొక చిన్న నెట్ సెంటర్ ఉంది. పగలంతా హాల్ టికెట్లు, రైలు టికెట్లు, గల్ఫ్ వెళ్లేవాళ్ల వీసా కాగితాలు ప్రింట్ తీస్తాను. గిరాకీ లేనప్పుడు సైకిల్ మీద దేశాలు తిరిగేవాళ్ల రాతలు చదువుతాను. అట్లా 2012లో ఒక పిచ్చి పట్టుకుంది. ఒమాన్‌లో మస్కట్ నుంచి సూర్ దాకా సముద్రం పక్కనే రోడ్డు ఉంది, ఇసుకలో ఎక్కడ డేరా వేసుకున్నా అడిగేవాడు లేడని ఎవరో రాశారు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. తొక్కాలి, పొద్దుగూకితే డేరా వేసుకోవాలి, పొద్దున్నే మళ్లీ తొక్కాలి. మా వైపు ఒమాన్ అంటే పనికి పోయే చోటు. చేతిడబ్బు పెట్టుకుని, అదీ సైకిల్ తొక్కడానికి పోతానంటే నవ్వని మనిషి లేడు.

సైకిల్ యాత్రికుల ఫోరం ఒకదానిలో సలహా అడిగితే ముగ్గురు జవాబిచ్చారు. మొదటి ఆయన రాతకు నేను దాసోహం అయిపోయాను. తెల్లటి ఇసుక, చేతికందే నక్షత్రాలు, అడుగడుగునా నీళ్లు, దేవుళ్ల లాంటి మనుషులు, ఇంకేం ఆలోచిస్తున్నావ్ మిత్రమా అన్నాడు. రెండో ఆయన హైదరాబాద్ పెద్దమనిషి. పోలీసులు పట్టుకుంటారు, ఎండదెబ్బ తగులుతుంది, కుటుంబం ఉన్నవాడివి బుద్ధిగా ఇంట్లో ఉండు అని మందలించాడు. మూడో ఆయనకు ఫోటో కూడా లేదు. వచ్చీరాని ఇంగ్లీషులో రెండే ముక్కలు రాశాడు: గాలి ఎదురు కొడుతుంది, నీళ్లు చూసుకో. ఈయనకు రాయడం కూడా బద్ధకమే అనుకుని పక్కన పెట్టేశాను.

మా ఆవిడ శైలజ ఈ మూడూ చదివింది. "ముగ్గురు మూడు తీర్ల చెప్తున్నరు. ఎవరిని నమ్మి పంపాలె నిన్ను?" అంది. చివరికి ఒక షరతు పెట్టింది. "మొదలు ఇక్కడ ఒక్క రాత్రి బయట పండుకొని రా. తర్వాత ఒమాన్ ముచ్చట." ఆమె సరే అనకుండా నేను కదిలేది లేదు. ఇల్లు, దుకాణం రెండూ ఆమె మీద వదిలి పోవాలి. పోతానో పోనో ఈ ఒక్క రాత్రితో తేలాలి. అందుకే నవంబర్ చివర ఒక ఆదివారం, దుకాణం మూసి, సామాన్లన్నీ సైకిల్‌కు కట్టి ఎల్లారెడ్డి దారి పట్టాను.

మీరు ఈ దారిలో రావాలనుకుంటే కాచిగూడలో రైలెక్కి కామారెడ్డిలో దిగొచ్చు. ఇక్కడి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి నలభై కిలోమీటర్ల లోపే. ఉట్టి సైకిల్ అయితే ఒక పూట పని. డేరా, పరుపుచాప, స్టవ్వు, రెండు సంచులు కట్టిన సైకిల్ అయితే లెక్క వేరే, అది నాకు తాడ్వాయి దాటకముందే తెలిసొచ్చింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక బయల్దేరడం కూడా పొరపాటే. ఎండ మొహానికి కొడుతోంది, చిన్న ఎత్తు వచ్చినా దిగి నెట్టాల్సి వచ్చింది. రోడ్డు పక్కన కోసిన వరి మళ్లు, చెరుకు తోటలు, గడ్డి ట్రాక్టర్లు. మనసు మాత్రం హాయిగా ఉంది. బండి మీద ఈ దారిలో వంద సార్లు పోయి ఉంటాను, ఇన్ని పిట్టలున్నాయని అప్పుడు తెలియలేదు.

లింగంపేటలో ఐదు రూపాయల ఛాయ్ తాగి, రెండు మిర్చి బజ్జీలు తిన్నాను. ముందు అడవి వస్తుంది కదా, దానికి ముందే డేరా వేసుకోవడానికి ఊరేమన్నా ఉందా అని హోటలాయన్ను అడిగాను.

"ఉందన్న, తండా ఉంది. గీడ్నే."

"ఎంత దూరం?"

"గీడ్నే అంటున్న గద. గిట్ల పోతే గట్ల వస్తది."

ఇక్కడే అన్న ఆ 'గీడ్నే' నాకు దాదాపు గంట పట్టింది. ఆయన అబద్ధమాడలేదు. అలసిపోయినవాడిని చూసి దూరం అని చెప్పడానికి మనవాళ్లకు నోరు రాదు. నన్నెవరైనా అడిగినా అట్లాగే చెప్తాను.

తండా చేరేసరికి పొద్దు వాలుతోంది. మొదటి ఇంటి ముందు ఒక ముసలవ్వ, ఆమె కోడలు కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నారు. కోడలి పేరు కమ్లి. నీళ్లడిగాను, చెంబు నిండా ఇచ్చారు. ఆ ముందున్న చేనులో డేరా వేసుకుని పొద్దున్నే పోతానంటే అవ్వ కంకి కింద పెట్టేసింది.

"ఇండ్లు కనపడ్తలేవా నీకు? ఇల్లుండంగ చేన్ల ఎందుకు పండుకుంటవ్ బిడ్డా? ఇంట్ల లొల్లయిందా?"

లొల్లేం లేదు, ఒమాన్ పోవడానికి అలవాటు చేసుకుంటున్నానని చెప్పాను. అవ్వ కోడలి వైపు చూసింది.

"ఒమానా? ఏజెంటుకు ఎంత కట్టినవ్?" అంది కమ్లి.

"ఏజెంటు లేడక్కా. ఊరికే సైకిల్ తొక్కడానికి."

"జీతం ఎవలిస్తరు?"

"ఎవరూ ఇయ్యరు."

అత్తాకోడళ్లు పడీపడీ నవ్వారు. పక్కిండ్లవాళ్లు వచ్చారు, వాళ్లకు చెప్పి మళ్లీ నవ్వారు. చివరికి రాజీ కుదిరింది. డేరా వేసుకోవచ్చు, కానీ చేనులో కాదు, వాళ్ల వాకిట్లో. నేను కడ్డీలు కలిపి గుడ్డ లేపుతుంటే తండా సగం చుట్టూ నిలబడి చూసింది. అవ్వ జిప్పు తీసి తల లోపల పెట్టి, "బాగనే ఉంది గని గాలి ఎట్లొస్తది?" అని అడిగింది. నా స్టవ్వును ఎవరూ లెక్కచేయలేదు. జొన్న రొట్టెలు, గోంగూర తొక్కు పెట్టారు. మా ఇంట్లో కూడా అంత కమ్మగా తిని చాలా రోజులైంది, శైలజ ఈ వాక్యం చదివినా సరే.

తింటుండగా కమ్లి చెప్పింది, ఆమె భర్త గోపాల్ ఉండేది కూడా ఒమాన్‌లోనే, సూర్ దగ్గర రోడ్డు పనిలో. ఫోరంలో రెండు నెలలు వెతికిన మనిషి ఇక్కడ దొరికాడు. ఆమె ఒక మిస్డ్ కాల్ కొట్టింది. ఇక్కడి నుంచి చేస్తే డబ్బులు మస్తుగా పోతాయి కాబట్టి మిస్డ్ కాల్ చూసి అటువైపు నుంచి చేయడం మా దగ్గర రివాజు. కాసేపట్లో ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి నాకిచ్చింది.

"తమ్మీ, సూర్ దారి ఎట్లుంటది?" అన్నాను.

"మస్తుంటదన్న! అద్దం లెక్క రోడ్డు. ఏం ఫికర్ లేదు, రా."

"నీళ్లు?"

"అన్నీ దొరుకుతయన్న. మంచిగుంటది."

నాకు రెక్కలొచ్చాయి. నక్షత్రాల మిత్రుడు చెప్పింది అక్షరాలా నిజమే! కమ్లి మాత్రం తల అడ్డంగా ఊపుతోంది. "గట్ల అడిగితే గట్లనే చెప్తడన్నా," అని ఫోన్ లాక్కుంది.

"నిన్న రాత్రి ఏం తిన్నవ్?"

"రొట్టె."

"దాంట్లకు?"

"ఉల్లిగడ్డ."

"కూరేది?"

"సిలిండర్ అయిపోయింది. రెండు దినాలాయె."

"నీళ్లెక్కడివి?"

"ట్యాంకర్ రాలే. మసీదు కాడ నల్లా ఉంది, ఆడికెళ్లే తెచ్చుకుంటున్నం. గాలి ఒకటే కొడుతుంది, తినే పళ్లెంల ఇసుక పడుతుంది."

కమ్లి కోప్పడలేదు. సిలిండర్ తెచ్చుకోమంది, చెవులకు తువ్వాల కట్టుకోమంది, మక్కలు మంచిగ వచ్చినయని చెప్పి పెట్టేసింది. తర్వాత నాతో అంది. "మొదటి సారి పోయినప్పుడు రెండేండ్లు ఎట్లున్నవ్ అనే అడిగిన. మంచిగున్న, మంచిగున్న అన్నడు. వచ్చినంక సూస్తే తోలు, బొక్కలే ఉన్నయ్ మనిషికి. అప్పటిసంది ఎట్లున్నవ్ అని అడుగుడు బంద్ చేసిన. తిండి ముచ్చట అడిగితే అబద్ధం అల్లనీకి రాదు ఆయనకు."

ఆమె నవ్వుతూనే చెప్పింది. నా నెట్ సెంటర్‌లో కూర్చుని గల్ఫ్ ఫోన్లు మాట్లాడేవాళ్లను రోజూ చూస్తాను. అందరూ చెప్పేది ఆ ఒక్క మాటే, మంచిగున్న. అది ఇంతకాలం ఖబురు అనుకున్నాను.

డేరాలో చలి బాగానే పెట్టింది, నిద్ర కూడా బాగానే పట్టింది. పొద్దున అవ్వ ఇచ్చిన ఛాయ్ తాగి అడవి దారిలో ఎల్లారెడ్డి చేరాను. టేకు ఆకులు రోడ్డంతా రాలి ఉన్నాయి. బస్టాండు దగ్గర పూరీ తిని, అదే దారిలో తిరిగి వస్తూ కమ్లి వాళ్ల వాకిట్లో కాసేపు ఆగి, సాయంత్రానికి ఇల్లు చేరాను.

ఆ రాత్రే ముగ్గురికీ ఒకే ప్రశ్న పంపాను: మీరు ఆ దారిలో చివరిసారి నీళ్లు ఎక్కడ నింపుకున్నారు, ఆ రాత్రి ఏం తిన్నారు? నక్షత్రాల మిత్రుడు, ప్రయాణమంటే తిండి కాదు, అనుభూతి అన్నాడు. మళ్లీ అడిగితే, చాలా చదివానని, వచ్చే ఏడాది వెళ్లాలని ఉందని చల్లగా చెప్పాడు. హైదరాబాద్ పెద్దమనిషికి కోపం వచ్చింది. ఆయన బావమరిది మస్కట్‌లో ఉంటాడట, అదీ ఆయన అనుభవం. రెండు ముక్కలాయన మాత్రం పేజీడు రాశాడు. ఏ పల్లెలో మసీదు నల్లా రోడ్డువైపే ఉంటుందో, పెట్రోలు బంకులో ఎండిన రొట్టె, చేపల డబ్బా తిన్నది, చెడు నీళ్లు తాగి వాంతులు చేసుకున్నది, ఇసుకలో మేకులు నిలవవు కాబట్టి సంచుల్లో ఇసుక నింపి డేరాకు కట్టాలన్నది, అన్నీ ఉన్నాయి అందులో. నేను అడగనందుకే ముందు చెప్పలేదట. శైలజ అంతా చదివి, "ఈయన పోయొచ్చిండు," అంది. నా వైపు తిరిగి, "సరే, పో," అంది. వాంతుల సంగతి చదివి ఒప్పుకున్న భార్య ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

జనవరిలో వెళ్లాను. సముద్రం, నక్షత్రాలు నిజమే. ఎదురుగాలీ నిజమే, మసీదు నల్లా కూడా చెప్పిన చోటే ఉంది. నక్షత్రాల మిత్రుడి మీద నాకు కోపం లేదు, ఆయన ఆశ చెప్పాడు, గోపాల్ ధైర్యం చెప్పాడు, లింగంపేట హోటలాయన జాలి చూపాడు. వాళ్లను నేను దారి అడిగాను, అంతే తేడా. మీకు చెప్పగలిగిన చిట్కా ఒక్కటే. ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లను దారి ఎట్లుంది అని అడగకండి. ఆ దారిలో రాత్రి ఏం తిన్నారని అడగండి.

ఆ ప్రశ్న తిరిగి నా మీదికే వస్తుందని మాత్రం అనుకోలేదు. మూడో రాత్రి గాలికి డేరా కడ్డీ విరిగింది. జాలర్లు వలలు పెట్టుకునే గోడ చాటున ముడుచుకుని తెల్లవార్చాను. పొద్దున శైలజ మిస్డ్ కాల్ చూసి నేనే ఫోన్ చేశాను. ఎట్లున్నవ్ అంటే, "మస్తు మంచిగున్న," అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట.

"రాత్రి ఏం తిన్నవ్?"

సముద్రం వైపు చూశాను. "బిస్కెట్లు. నాలుగు ఖర్జూరాలు. డేరా విరిగింది."

అటువైపు ఊపిరి పీల్చుకున్నట్టు వినపడింది.

"అయితే నిజంగనే మంచిగున్నవ్ తియ్యి," అంది.