వానపాములకు పెట్టిన ఆవకాయ

ఎరువు తయారుచేయబోయి, పక్కింటి కోళ్ల మీద నింద వేసి, చివరికి దేవుణ్ణి కూడా మధ్యలోకి లాగిన ముసలిదాన్ని నేను. ఎలాగో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ సగంలో వదిలేయకండి. అన్నమైనా కథైనా సగంలో వదిలేయడం నాకు గిట్టదు.

అప్పటికి నాకు అరవై రెండేళ్లు. చిన్నతనం. ఏటా మా చర్చి కోత పండగకి అందరం తొలి పంట తీసుకెళ్లి వేలానికి పెడతాం. ఏటా అన్నిటికన్నా పెద్ద కంద మా పక్కింటి మరియమ్మ వదినగారిదే. దాని పక్కన నా కంద ఏనుగు పక్కన చుంచులా ఉండేది. ఈసారి ఆవిణ్ణి ఓడించి తీరాలని పంతం పట్టాను.

ఎరువు కొనడం నా ఒంటికి పడదు. అందుకని క్యారేజీ కట్టుకుని, బస్సెక్కి, కొత్తపేట వైపు చెత్తతో ఎరువు చేసే షెడ్లు రెండు చూసొచ్చాను. మొదటి చోట ఎండుటాకులు, పేడ, కూరగాయల తొక్కలు పొరలుగా వేసి తడుపుతున్నారు. అది మా అమ్మ చేసిందే. రెండో చోట వానపాములు. అవి తిని వదిలిన మట్టి గుప్పెడు తీసి చూస్తే తొలకరి వాసన. అక్కడ పనిచేసే సుజాత ఓపిగ్గా చెప్పింది.

"మామ్మగారూ, వంటింటి చెత్త వెయ్యండి. ఉప్పూ కారం నూనే మట్టుకు తగలనివ్వకండి."

"తగిల్తే ఏమవుద్ది?"

"పారిపోతాయండీ."

"కాళ్లు లేనివి ఎక్కడికి పోతాయే?"

"చూద్దురు గాని."

నేను చదివింది మూడో తరగతి. ఒకరు చెప్పింది వినే అలవాటు ఆ బడిలోనే వదిలేసి వచ్చాను.

సుజాత ఊరికే ఇచ్చిన వానపాముల్ని క్యారేజీ అడుగు గిన్నెలో తెచ్చి, దడి పక్కన గుంటలో చెత్త వేసి అందులో వదిలాను. పది రోజులు ముచ్చటగా ఉన్నాయి. అంతలో అటక మీద జాడీ దింపితే కిందటేటి ఆవకాయ, పైన బూజు. పారబోయడానికి చేతులు రాలేదు. మనిషి తినేది పురుగుకి పనికిరాదా అనుకుని, నూనెతో సహా గుంటలో బోర్లించాను.

మర్నాడు గుంటలో ఒక్కటంటే ఒక్కటి లేదు. దడి దగ్గర నిలబడి వదినగారిని పిలిచాను.

"మీ కోళ్లు నా వానపాముల్ని తినేసినాయి."

"అవి రాత్రంతా గంప కిందే ఉన్నాయి వదినగారూ."

"గంప లేపుకుని వచ్చుంటాయి."

"ఆయ్, అలాగే అనుకోండి."

కోత పండగ దాకా ఆవిడతో మాట్లాడలేదు. ఆ రోజు వదినగారి కందని ఇద్దరు మోసుకొచ్చారు. నాది చేతిసంచిలో వచ్చింది. పాస్టరుగారు సాక్ష్యం చెప్పమంటే ఆవిడ లేచారు.

"నేనేం చెయ్యలేదండీ. ఓ రోజు తెల్లారగట్ల చూస్తే, దడి కింద నుంచి వానపాములు బారులు తీరి నా కంద పాదులోకి వస్తన్నాయండీ. దేవుడే పంపేడు."

చర్చి అంతా ఆమెన్ అంది. అందరికన్నా గట్టిగా నేనే అన్నాను. లేకపోతే అనుమానం రాదూ? పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నా పుల్లావకాయ పొరుగింటి కందకి బలం.

వేలంలో ఆ కందని వదినగారే పాడుకుని, సాయంత్రం సగం కోసి నాకు తెచ్చారు.

"కంద పులుసులోకి మీ పాత ఆవకాయ నంజుకుంటే బాగుంటదండీ. జాడీలో ఉందా?"

"లేదు."

"ఏం చేసేరు?"

"గుంటలో వేసేను."

ఆవిడ గుంట వైపు చూశారు. దడి వైపు చూశారు. తన కంద పాదు వైపు చూశారు.

"మా కోళ్లకి క్షమాపణ చెప్పండి చాలు, వదినగారూ."

చెప్పాను. గంప ముందు వంగి, పేరుపేరునా చెప్పాను.

ఇందుమూలంగా చదువరులందరి ముందూ ఒట్టు పెడుతున్నాను. బూజు పట్టిన ఆవకాయని ఒంట్లో ప్రాణం ఉండగా మళ్లీ ఎరువులో వేయను. బూజు తీసేసి నేనే తింటాను.