మల్లేశన్న కుడి చెవి

ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఇన్నేళ్లుగా ముద్ద దిగే చోట అడ్డంపడి ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఛత్రినాక దగ్గర ఒక లేత్ కార్ఖానాలో మల్లేశన్న పనిచేసేవాడు. పల్టన్‌లో సిపాయి నౌకరీ ముగించి రిజర్వులో ఉన్నాడు. పల్టన్ వాళ్లు నెలనెలా కొంచెం జీతమిచ్చేవారు, ఏడాదికోసారి కవాతుకు వెళ్లొచ్చేవాడు. లడాయి మొదలయ్యాక యుద్ధానికి రమ్మని పిలుపొచ్చింది. తిరిగొచ్చిన రిజర్వు సిపాయికి పనిచేసే సత్తువ ఉంటే మాలిక్ పాత పని జాగా ఇచ్చి తీరాలని సర్కారు కాయిదా. అంతదాకా ఆ జాగాలో నన్ను పెట్టించింది ఆయనే. చేయి పట్టి పని నేర్పి మరీ పోయాడు.

లడాయి అయిపోయాక వచ్చాడు. ఆ సాయంత్రమే ధూల్‌పేట్‌లో మా ఇంటికొచ్చి గుట్టుగా చెప్పాడు.

“ఎడమ చెవి పోయింది తమ్మీ, బాంబుల మోతకు. కుడి దాంతోటి మస్తు ఇనవడ్తది. మాలిక్‌కు చెప్పకు.”

చెప్పలేదు. మర్నాడు మాలిక్‌కే ఆయన వినికిడి మీద అనుమానమొచ్చింది. మా దగ్గర ఎవరి చెయ్యైనా మిషన్ తిప్పే పట్టాలో పడితే ‘బంద్’ అని కేక వేస్తారు, వినగానే ఆపాలి. “ఎనకనుంచి పిలిచి సూడు. తిరుగుతడో లేదో” అన్నాడు నాతో.

వెళ్లి ఆయన వెనకాల, ఎడమవైపు నిలబడ్డాను. కావాలనే. మాట సగం మింగి “మల్లేశన్నా” అన్నాను. ఆయన తిరగలేదు. ఎందుకలా చేశాను? ఇంట్లో భార్య నిండు నెలలతో ఉంది, ఈ పని పోతే ఎట్లా అన్న భయం ఉంది, అదంతా నిజమే. కానీ ఆయన తిరగనందుకు ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. ఛీ, ఏం మనిషిని!

జాగా లేదు పొమ్మన్నారు. గేటు బయట ఆయన నన్నే అడిగాడు.

“తమ్మీ, నిజంగ పిల్చినవా?”

“పిలిచిన అన్నా. కుడి పక్కనుంచే పిలిచిన.”

“గట్లనా... అయితే గిది గూడ పోతున్నట్టుంది” అని కుడి చెవి తడుముకున్నాడు. నా మాట మీద రవ్వంత అనుమానం లేదు ఆ మొహంలో.

తర్వాత లాడ్ బజార్‌లో గాజుల పెట్టెలు మోశాడు. అంతకన్నా ఘోరం, తన చెవిని తాను నమ్మడం మానేశాడు. స్పష్టంగా విన్న మాటే రెండోసారి అడిగేవాడు. బోనాలకు పిలిచినా నలుగురిలోకి రాలేదు. ఒకరోజు ఆ బజార్ జనంలో ఆయన కనబడగానే నోరు జారి “అన్నా” అన్నాను. పెద్దగా కూడా కాదు. వెంటనే తిరిగాడు. నన్ను చూసి సిగ్గుపడుతూ నవ్వాడు.

“ఎవలో పిల్చినట్టయింది. ఉత్తదే. నా చెవులట్లనే మోసం జేస్తయి తమ్మీ.”

పిలిచింది నేనే అనలేదు. ఎందుకనలేదు? అప్పటికి నా జాగా పక్కా అయింది, పోయేదేమీ లేదు.

ఇప్పుడాయన లేడు. క్షమించడానికి మీరు ఆయన కారు, నేనూ అడగను. ఆయన కుడి చెవికి ఏమీ కాలేదు, అబద్ధమాడింది నేను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాను.