నాయన రెండో కన్ను

ఇల్లు మారడానికి సామాన్లు సర్దుతుంటే అక్క రేకుపెట్టె బయటపడింది. పోయినవాటిని లెక్కగట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు కనుక అక్కడే కూర్చుని లెక్క వేశాను. ఎండి రాయిలా అయిపోయిన ఆయిల్ స్టిక్‌లు పదకొండు, పిడి ఊడిన చాకు ఒకటి, వడమాలపేటలో పాత ఇల్లు వానకు కారినప్పుడు నానిపోయిన నాయన ఫోటో ఒకటి, అక్క, అమ్మ. ఇవి పోగా, ఇంకా రావాల్సింది ఒకటి మిగిలింది.

నాయన పోయేనాటికి నాకు ఏడాదిన్నర, అక్కకు పద్నాలుగేళ్ళు. నాకు ఊహ తెలియకముందే ఆ ఒక్క ఫోటో కూడా పోయాక ఆయన ముఖం అమ్మకూ అక్కకూ మాత్రమే తెలుసు. నేను అద్దం ముందు నిలబడి ఈ ముక్కు ఆయనదా, ఈ నుదురు ఆయనదా అని ఊహించుకుంటూ పెరిగాను.

అక్క డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక తిరుపతిలో మిద్దెమీది రేకుల గదిని బొమ్మల గదిగా చేసుకుంది. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయి కుంచె నిలవకపోతే, నూనెరంగులో మైనం కలిపి పోసిన, కొవ్వొత్తి కన్నా లావుగా ఉండే ఆయిల్ స్టిక్‌లు తెప్పించుకుంది. వాటిని పిడికిట్లో పట్టుకుని నేరుగా అట్టమీద రుద్దవచ్చు. ఆ పిడికిలితోనే నాయనను గీస్తానని చెప్పినప్పుడు, నలభై దాటిన నేను పసివాడిలా సంబరపడ్డాను.

రేణిగుంట గోడౌనులో సరుకు లెక్కలు చూసే నేను ఆదివారాలు అక్కడే ఉండేవాణ్ణి. స్టిక్ కొనమీద పాలమీగడలా పొర కడుతుంది, దాన్ని చాకుతో ఒలిస్తేనే లోపలి మెత్తటి రంగు అందుతుంది. ఒలవడమూ, ఎండాకాలం అవి మెత్తబడి వంగిపోకుండా తడిగుడ్డ చుట్టిన కుండలో దాచడమూ నా పని. ఏ పూత ఎన్నాళ్ళకు ఆరుతుందో చూసి చూసి సొంతంగా లెక్క కట్టడం నేర్చుకున్నాను. నుదురు, ముక్కు, మీసం, ఇలా వారం వారం నాయన కాస్త కాస్త బయటికి వచ్చాడు.

కళ్ళు అక్క చివరికి ఉంచింది. నవ్వితే నాయన కుడికన్ను ఎడమదానికన్నా చిన్నదయ్యేదట. ఆ తేడా కుదరడానికి ఎన్నోసార్లు గీకి మళ్ళీ వేసింది. కుదిరిన సాయంత్రం నేను నాయనను మొదటిసారి చూశాను. ఫోటో కోసం ఫోన్ తీస్తే అక్క, "పచ్చి మీద తీస్తే మెరుపు పడతాది, ఆరినాక తీద్దువులే" అంది. అన్నీ కొలిచే నేను ఆ రోజు ఏదీ కొలవలేదు. కళ్ళు మసకబారి సరిగా చూడనూ లేదు.

ఆ వారంలోనే నాయన తద్దినం. ఇన్నేళ్ళూ పటం లేక, గోడకు ఆనించిన చెంబుకు గంధం రాసి దండం పెట్టుకున్న అమ్మ, మాకు చెప్పకుండా మెట్లెక్కింది. వేలితో తాకితే ఆరినట్టే ఉందట. నేను రోజూ ఒలిచే పొరలాంటిదే అది. కింద రంగు పచ్చిగానే ఉంది. బొట్టు నిలవాలని గట్టిగా అద్దేసరికి పొర జారింది, దాంతో బొటనవేలూ జారి కుడికన్ను మీదికి వెళ్ళింది. కంగారులో కొంగుతో తుడవబోతే మిగిలిందీ పోయింది.

మేం వెళ్ళేసరికి అమ్మ రంగంటిన కొంగు పట్టుకుని నేలమీద కూర్చుని ఉంది. "నా చేత్తోనే చెరిపేస్తి గదే."

అక్క వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని బొమ్మ వైపు చూసింది. "ఊరుకో మా. నాయన నీకు కన్ను కొడతా ఉండాడు సూడు."

"ఈ వయసులో యాడి సరసమే," అంటూ అమ్మ ఏడుపులోనే నవ్వింది.

"ఆడ ఆరనీరా," అని అక్క నా వైపు తిరిగింది. "రెండో కన్ను నీకు బాకీ."

ఆరడానికి మూడు వారాలని నా లెక్క. లెక్క తప్పలేదు, పూత ఆరింది. ఆలోపే పక్షవాతం వచ్చి అక్క చెయ్యి పడిపోయింది. ఆ చలికాలం దాటలేదు. మరుసటేడు అమ్మ కూడా వెళ్ళిపోయింది.

మొన్న మా అబ్బాయి ఆ పటం చూసి, ఎడమకన్నును తిప్పి పెడితే ఫోనే నిమిషంలో రెండో కన్ను వేస్తుందన్నాడు. నేనూ స్కేలు పెట్టి ఆ కన్ను కొలిచినవాణ్ణే. రెండోది ఎంత చిన్నదో తెలిసినవాళ్ళు మాత్రం ఇప్పుడు లేరు. నాయనకు బతుకు మొత్తానికి ఒకే ఫోటో, నావి వాడి ఫోన్లోనే వేలున్నాయి. నేను నవ్వితే ఏ కన్ను చిన్నదవుతుందో వాడు ఎప్పుడైనా చూశాడో లేదో. కన్ను వెయ్యొద్దని వాడికి చెప్పాను. కొత్త ఇంట్లో పటానికి అద్దం బిగించాం, బొట్టు అద్దం మీదే పెడుతున్నాం. అద్దం లోపల బాకీ ఇంకా ఒక కన్ను.