పాస్‌వర్డ్ అక్క వెనకాల బోర్డు

మా గదిలో ఇద్దరమే. విద్యార్థుల గుర్తింపు కార్డులు ముద్రించి, ప్లాస్టిక్ తొడిగి ఇవ్వడం నా పని. ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఇరుక్కుపోయిన వాళ్లని బయటికి లాగడం ఆమె పని. పాఠం వీడియో తెరుచుకోకపోయినా, అసైన్‌మెంట్ ఎక్కకపోయినా, పరీక్ష మధ్యలో తెర బిగుసుకుపోయినా యూనివర్సిటీ మొత్తం ఆమె ఫోనుకే చేస్తుంది. రోజుకి నలభై మంది పాస్‌వర్డ్ మరిచిపోతారు కాబట్టి ఆమెకి పాస్‌వర్డ్ అక్క అని పేరు పడింది. నాకన్నా రెండేళ్లు చిన్నదే. అయినా లోకంతో పాటు నేనూ అక్కా అనే పిలిచాను. ఆమె నన్ను కార్డు అన్నయ్యా అని పిలిచి బదులు తీర్చుకుంది.

ముందు ఆమె భయం గురించి చెప్పాలి. ఆమె పనితనమంతా అందులోంచే వచ్చింది. పదకొండేళ్లు లైబ్రరీలో, తిరిగొచ్చిన పుస్తకాల కౌంటర్ దగ్గర హాయిగా కూర్చుంది. లైబ్రరీ సగం మూసేశాక మూడు రోజుల శిక్షణ ఇచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి రోజు సాయంత్రం కంప్యూటర్ ఆపేసి, అది నిజంగానే ఆగిందా లేదా అని పది నిమిషాలు చూస్తూ నిలబడింది. భయమెందుకని అడిగాను.

"లైబ్రరీలో పేజీ చిరిగితే చిరిగినట్టు కనపడుతుంది అన్నయ్యా. ఇక్కడ ఏం చింపానో కూడా తెలీదు" అంది.

నవ్వాను. అప్పట్లో నాకు ప్రతిదానికీ నవ్వొచ్చేది.

ఆమె భర్త సైన్‌బోర్డులు రాసే పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన కుంచెలు అటకెక్కాయి. ఆయన, ఆయన తల్లి, ఈమె, రెండు గదుల ఇల్లు, ఈ ఒక్క ఉద్యోగం. ఆమె రోజూ సైట్‌లో నేర్చుకున్నది ఇంటికెళ్లి చెబితే, ఆయన ఒక పొడుగాటి నోటుపుస్తకంలో బొమ్మలుగా వేసిపెట్టేవాడు. ఏ పనికి ఏ పేజీ తెరవాలి, ఆ పేజీలో ఎన్నో బటన్ నొక్కాలి, అది నీలమా ఎరుపా, అన్నీ రంగులతో సహా. తెర మీద ఉన్న బటన్లకన్నా ఆ పుస్తకంలోవే అందంగా ఉండేవి. అక్క ఆ పుస్తకం తెరవకుండా ఏదీ నొక్కేది కాదు. ఎడమ చేతి వేలు పుస్తకం మీద, కుడి చెయ్యి మౌస్ మీద. తొమ్మిదేళ్లలో ఒక్క పొరపాటు లేదు.

ఆయనే ఒక రేకు మీద పెద్ద అక్షరాలతో బోర్డు కూడా రాసిచ్చాడు. "నొక్కే ముందు ఏముందో చదవండి." సాయం కోసం వచ్చి ఎదురుగా కూర్చునే వాళ్లకి కనపడేలా దాన్ని ఆమె కుర్చీ వెనక గోడకి కొట్టాం. మేకు కొట్టింది నేనే.

టర్మ్ మొదట్లో కొత్త విద్యార్థులకి సైట్ ఎలా వాడాలో ఆమె ఒక క్లాసు తీసుకునేది. అందులో వాళ్లకి పాఠంలో లేని ముక్క ఒకటి చెప్పేది. పరీక్షలో జవాబు ముందు కాగితం మీద రాసుకోండి, తర్వాతే టైపు చెయ్యండి. కాగితం నెత్తిన ఆ బోర్డు మీది మాట రాసుకోండి, అడుగున టైము వేసి సంతకం పెట్టుకోండి. ఇంత ఖర్చు పెట్టి సైట్ కొన్నది మళ్లీ కాగితాలు నింపడానికా అని సెక్షన్ ఇన్‌చార్జి ఒకసారి అందరి ముందూ ఆమెని కడిగేశాడు. తల ఊపి వచ్చేసింది. తర్వాతి క్లాసులో మళ్లీ అదే చెప్పింది, గొంతు కొంచెం తగ్గించి.

ఇక నా సంగతి. ఒక శుక్రవారం ఆమె అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి సెలవు పెట్టింది. మా గదికంతా కలిపి ఒకటే మెయిల్ పెట్టె. అందులోకి ఒక ఉత్తరం వచ్చింది: ఆదివారం సైట్ మారుతుంది, కొన్ని పేజీల రూపు మారుతుంది, సిబ్బంది గమనించాలి అని. రంగులేవో మారుస్తున్నారనుకున్నాను. కౌంటర్ దగ్గర కార్డుల కోసం జనం క్యూ కట్టి ఉన్నారు. మూసేశాను. ఒకసారి తెరిచిన ఉత్తరం మళ్లీ కొత్తదిగా కనపడదు కాబట్టి ఆమె సోమవారం వచ్చి దాన్ని చూడలేదు. చెబుదామనుకుని మరిచిపోయాను అని రాస్తే బాగుంటుంది. నిజానికి అసలు అనుకోనేలేదు.

మంగళవారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఆఖరి సంవత్సరం పరీక్ష. నాలుగుంపావుకి ఫోను మోగింది. ఆసుపత్రి వార్డులో ఆయాగా పనిచేసే ఒకావిడ. మాకు గొంతు తెలుసు. మొదటి ఏడాది తన పేరు ఎక్కడ టైపు చెయ్యాలో తెలుసుకోవడానికి గంటసేపు ఫోనులో ఉన్న మనిషి. పేషెంట్లని ఎత్తీ దించీ నడుం పోయింది, డిగ్రీ చేతికొస్తే రికార్డుల గదిలో కూర్చోబెడతామని ఆసుపత్రి వాళ్లు మాటిచ్చారట. చేరి ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లు దాటితే యూనివర్సిటీ పేరు కొట్టేస్తుంది, పాసైన పేపర్లన్నీ మట్టిలో కలిసిపోతాయి. ఆమెకి మిగిలింది ఈ ఒక్క పేపరు, ఈ ఒక్క సారి.

తెర బిగుసుకుపోయిందట. నాలుగు జవాబులు అయిపోయాయి, అయిదోది మిగిలింది. ఇలాంటివి వారానికి పది వస్తాయి. అక్క నోటుపుస్తకం పదిహేడో పేజీ తీసింది: విద్యార్థి పేరు మీద నొక్కాలి, పైనుంచి మూడో బటన్, నీలం, తర్వాత అవును. అది నొక్కితే ఆగిన చోటి నుంచే పరీక్ష మళ్లీ తెరుచుకుంటుంది. వేలు పుస్తకం మీద పెట్టింది. మూడో బటన్ నొక్కింది. అవును కూడా నొక్కింది.

తర్వాత కుర్చీ కిర్రుమనడం ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఎందుకా అని తలెత్తాను. వెళ్లి చూస్తే తెర మీద ఆయమ్మ పేరు, పక్కన రాసిన జవాబులు సున్నా. ఆదివారం మార్పులో మూడో చోటుకి తొలగించే బటన్ వచ్చి కూర్చుంది. రంగు మాత్రం అదే నీలం. దాని మీద తొలగించు అనే రాసి ఉంది. ఆమె చదవలేదు. చోటు చూసి నొక్కింది.

ఫోను ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అవతలి గొంతు నాకూ వినపడుతోంది.

"మేడం, పరీక్షలోకి వచ్చే టైము దాటిపోయింది అంటోంది. నా జవాబులు కనపడటం లేదు. నేనేమన్నా తప్పు నొక్కానా మేడం?"

అక్క ఒకసారి తెర, ఒకసారి పుస్తకం చూసింది. "చూసి చెప్తానక్కా" అని ఫోను పెట్టేసింది. ఆ జవాబులు తిరిగి రప్పించే దారి ఉందేమోనని సైట్ వాళ్లకి ఫోను చేశాను. తొలగించినవి పోయినట్టే అన్నారు.

ఆమె ఏమేం తలుచుకుని భయపడిందో నాకు తెలుసు, నేనూ అవే తలుచుకున్నాను కాబట్టి. ఆమె ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది, ఆ కాగితం వచ్చే వారమే ఇన్‌చార్జి బల్ల మీదికి వెళ్తుంది. ఆమెకి ముందు ఆ కుర్చీలో ఉన్నతను ఒక క్లాసు మార్కులు ఇంకో క్లాసుకి ఎక్కించాడని వారంలో పంపేశారు. అతని టీ కప్పు ఇప్పటికీ మా కిటికీలో ఉంది. నా భయం ఇంకొకటి. సైట్ మారుతుందని ముందే తెలియజెయ్యలేదా అని ఎవరైనా అడిగితే, శుక్రవారం ఆ ఉత్తరం తెరిచింది ఎవరని ఇంకెవరైనా అడుగుతారు.

అందుకే, ఎవరికీ ఏమీ చెప్పొద్దని సలహా ఇచ్చాను. ఎవరు ఏం నొక్కారో సైట్‌లో దాఖలా ఉంటుంది నిజమే, కానీ అడిగితేనే తీస్తారు, ఒక ఆయా కోసం ఎవరు అడుగుతారు అన్నాను. ఆమె మంచికే చెబుతున్నట్టు చెప్పాను.

రోజూ అయిదింటికి ఒక ఫారం నింపాలి. వచ్చిన ప్రతి ఫిర్యాదుకి ఎదురుగా రెండు గళ్లు: విద్యార్థి వైపు లోపం, మన వైపు లోపం. రెండో గడిలో టిక్కు పెట్టిన రోజు నాకు గుర్తు లేదు. ఇన్‌చార్జి తలుపు దగ్గర నిలబడి ఫారం అయిందా అని అడిగాడు. అక్క పెన్ను తీసి, ఆయమ్మ పేరుకి ఎదురుగా మొదటి గడిలో టిక్కు పెట్టింది. సంచి మరిచిపోయి ఇంటికెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చి తీసుకెళ్లింది.

మర్నాడు పొద్దున పదింటికి ఆయమ్మే వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది, కళ్ల కింద నలుపు. అక్కకి ఎదురు కుర్చీలో, అంచు మీద కూర్చుంది. ముందు పరీక్షల అధికారి దగ్గరికి వెళ్లొచ్చిందట. జవాబులు కాగితం మీద ఉన్నాయని చూపిస్తే, ఇవి తర్వాత ఇంట్లో కూర్చుని రాసినవి కావని నమ్మకమేంటి, లోపం యూనివర్సిటీది అని మీ సాయం గది వాళ్లు రాసిస్తే తప్ప వీటిని ముట్టుకోను అన్నాడట. నిన్నటి ఫారంలో లోపం ఆమెదే అని ఉందట.

"ఆయన చెప్పింది నిజమే మేడం. నేనే ఏదో నొక్కేసుంటాను. అయినా ఏదైనా దారుందేమో ఒక్కసారి చూడండి" అని ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

ఏడు కాగితాలు. ప్రతి దాని అడుగునా టైము, సంతకం. క్లాసులో అక్క చెప్పినట్టే. ప్రతి దాని నెత్తిన, పిల్లలు పలక మీద దిద్దినంత శ్రద్ధగా: నొక్కే ముందు ఏముందో చదవండి.

అక్క మొదటి కాగితం నెత్తిన ఉన్న ఆ వాక్యం చదివింది. రెండో కాగితం తిప్పింది, మళ్లీ అదే చదివింది. ఏడూ తిప్పింది. ఆయమ్మ మాత్రం తలెత్తి అక్క తల వెనక గోడకేసి చూస్తోంది. రాసింది సరిగ్గా ఉందా అని సరిచూసుకుంటున్నట్టు పెదాలు కదుపుతోంది.

"అక్కా, నొక్కింది మీరు కాదు. నేను" అంది అక్క.

ఆయమ్మకి వెంటనే అర్థం కాలేదు. అక్క మళ్లీ చెప్పింది, ఏ బటనో, అది ఏ చోటుకి మారిందో, తను చదవకుండా ఎలా నొక్కిందో, అన్నీ. చెబుతూ బల్ల అంచు పట్టుకుంది. నేను కార్డు యంత్రం వైపు తిరిగి నిలబడ్డాను.

ఆయమ్మ ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను.

"డ్యూటీలో ఉన్నంతసేపూ నా వేళ్లని నేను తిట్టుకున్నాను" అంది, చేతులు చూసుకుంటూ. "నిన్న నేను అడిగినప్పుడే చెప్పి ఉండాల్సింది మీరు."

"అవును" అంది అక్క. నిన్నటి ఫారం తీయించి, మొదటి గడిలో టిక్కు కొట్టేసి రెండో దాంట్లో పెట్టి, కింద నాలుగు లైన్లు రాసి సంతకం చేసింది. ఆయమ్మతో కలిసి పరీక్షల అధికారి గదికి నడిచింది. దాఖలా తీయించారు. మంగళవారం నాలుగు గంటల పదిహేడు నిమిషాలకి తొలగించింది ఫలానా సిబ్బంది అని అందులో ఉంది. ఆ ఏడు కాగితాలూ దిద్దడానికి పంపారు.

మధ్యాహ్నం ఇన్‌చార్జి మా గదికి వచ్చాడు. సైట్ మారుతుందని శుక్రవారమే మెయిల్ పంపారట కదా, చూడలేదా అని అడిగాడు. ప్రశ్న ఆమెకే వేశాడు. శుక్రవారం తను సెలవులో ఉంది. ఆ ఒక్క మాట అంటే చాలు.

"మా గదికే వచ్చుంటుంది సార్. నేను చూసుకోవాల్సింది" అంది అక్క.

నా వైపు చూడలేదు. ఆ ఉత్తరం తెరిచింది నేనని తెలిసి చూడలేదో, తెలియక చూడలేదో నాకు ఈ రోజుకీ తెలీదు. నేను చేతిలో కార్డుకి ప్లాస్టిక్ తొడిగాను. ఇన్‌చార్జి వెళ్లిపోయాడు.

ఆయమ్మ పాసైంది. రికార్డుల గదిలో కుర్చీ దొరికిందని ఫోను చేసి చెప్పింది, కానీ మేడం అనలేదు, పొడిగా చెప్పి పెట్టేసింది. అక్క ఉద్యోగాన్ని ఈసారి ఆరు నెలలకే పొడిగించారు, నిర్లక్ష్యం అని ఫైల్లో ఒక కాగితం కూడా పెట్టారు. ఆ ఆరు నెలల్లో ఇంకా రెండు మిగిలాయి. ఇంట్లో పెయింటర్ నోటుపుస్తకంలో బటన్ల బొమ్మలు మానేశాడు. ఇప్పుడు ప్రతి పేజీ నిండా బటన్ మీద ఏం రాసి ఉందో అదే రాస్తున్నాడు.

ఆ బోర్డు కూడా చోటు మారింది. నా వెనకాల ఉంటే నేనెలా చదువుతాను అని అక్కే దాన్ని ఊడదీయించి ఎదుటి గోడకి కొట్టించింది. మేకు ఈసారి కూడా నేనే కొట్టాను. ఎదుటి గోడ అంటే నా కుర్చీ వెనక గోడ. ఇప్పుడు మా ఇద్దరిలో ఆ మాట కనపడనిది నాకే. ఆమె ప్రతిసారీ ఏదైనా నొక్కే ముందు తలెత్తి నా తల మీదుగా చూస్తుంది. శుక్రవారం ఉత్తరం సంగతి నేనింకా చెప్పలేదు. ఆమె చూస్తున్నది బోర్డునే అని తెలుసు. అయినా ఆమె తలెత్తినప్పుడల్లా, ఈసారి అడిగేస్తుందేమోనని నా చేతిలో కార్డు జారిపోతుంది.